మృగశిర నాటి చేప తలకాయల ఫొటో గురించి

కాకినాడ కెరటం (కూకట్‌పల్లి), ఆదివారం రాత్రి 9:12

పొద్దున మన మిద్దె తోట గ్రూపులో 'ఎరువులు, కషాయాలు' విభాగంలో నేను పెట్టిన ఫొటో సాయంత్రానికి మాయమైంది. గొడవ పెట్టుకోవడానికి రాలేదు, అడగాలనిపించి రాస్తున్నా.

చూడనివాళ్ల కోసం చెప్తాను. ఈరోజు మృగశిర కార్తె కదా, మా వీధి చివర మార్కెట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఏడాదిలో ఈ ఒక్కరోజు చేపలు కొట్టేవాళ్ల దగ్గర తలకాయలు, మొప్పలు, పేగులు బుట్టలకొద్దీ మిగిలిపోతాయి. అడిగితే రెండు కిలోలు ఊరికే ఇచ్చారు, "ఏం చేసుకుంటావమ్మా" అని నవ్వుతూ. మొక్కలకి చేప ద్రవం ఎరువు చేద్దామని ఇంటికి తెచ్చి ముక్కలు కొట్టి, అంతే బరువు బెల్లం తరిగి, ఒక పొర చేప ఒక పొర బెల్లం వేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. పైన ఇంకాస్త బెల్లం. మూత బిగిస్తే గ్యాస్ పట్టి పొంగుతుంది కాబట్టి గుడ్డ కట్టి నీడలో ఉంచాను. ఇనుప డబ్బా వద్దని, కనీసం మూడు వారాలు ఆగాలని, అన్నీ రాశాను. ఫొటోలు మూడు: బేసిన్‌లో తలకాయలు, బెల్లం కలిపాక, చివరికి డబ్బా.

కింద మొదటి కామెంట్: "ఛీ ఛీ, పొద్దున్నే దీపం పెట్టుకుని ఫోను తెరిస్తే ఈ దరిద్రమా." దాని కింద వాంతి చేసుకునే బొమ్మలు నాలుగు.

నేను కాకినాడ జగన్నాథపురం పిల్లని. మా నాన్న వేటకెళ్లి తెచ్చిన దాంతోనే తిన్నాం, దాంతోనే చదువుకున్నాం. చేపలు కడిగిన నీళ్లు మా అమ్మ కాలువలో పోయగా నేనెప్పుడూ చూడలేదు. కరివేపాకు చెట్టు మొదట్లో పోసేది. ఆ చెట్టు ఆకు వీధి వీధంతా కోసుకెళ్లేది, చేప ముట్టని ఇళ్లవాళ్లతో సహా. ఈ మిద్దె తోట పిచ్చి నాకు అక్కడి నుంచే పట్టింది.

ఇప్పుడు ఫొటో లేదు. కామెంట్ మాత్రం అలాగే ఉంది. నాకు అర్థం కానిది అదొక్కటే.

డ్రమ్ముల మామ (వరంగల్), రాత్రి 9:31

అమ్మా, ముందు పని మాట చెప్తా. తలకాయల్లో తడి ఎక్కువ. బెల్లం తక్కువైతే అది పులియదు, కుళ్లుతుంది. రెండు రోజుల తర్వాత వాసన చూడు, ముక్కు మూసుకోవాల్సి వస్తే ఇంకో పావు కిలో బెల్లం వెయ్యి. గుడ్డ రెండు మడతలు కట్టు, ఈగ దూరిందంటే పురుగులే.

ఇక ఫొటో మాట. మొన్న ఎండాకాలంలో నేను జీవామృతం కలుపుతున్న ఫొటో పెట్టాను. 20 లీటర్ల బకెట్లో కిలో పేడ, లీటరు గోమూత్రం, మోచేతుల దాకా ముంచిన నా చేతులు. అందరూ దండాలు పెట్టారు. ఒక తల్లి "చూడగానే కడుపు నిండింది మామా" అని రాసింది. పేడ చూస్తే కడుపు నిండడమేంటో గానీ, నాకైతే సంతోషమే అయింది. చేప దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మారింది లెక్క?

కొత్తమొక్క, రాత్రి 9:40

నా మందారానికి కొమ్మల సందుల్లో తెల్లగా దూదిలాగా పట్టింది. ఇక్కడ అడగొచ్చా అండీ?

డ్రమ్ముల మామ, రాత్రి 9:44

అది పిండినల్లి. ఇక్కడ కాదు, 'తెగుళ్లు'లో అడగాలి. సరే, వచ్చావు కాబట్టి విను. ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడుగు. తర్వాత లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కలవడానికి కొంచెం సబ్బు నీళ్లు. సాయంత్రం పూట, ఆకు అడుగున కూడా. వారం తర్వాత మళ్లీ.

తులసికోట (రాజమండ్రి), రాత్రి 10:05

ఆ కామెంట్ రాసింది నేనే. దాక్కోవాల్సిన పనేమీ లేదు.

నాకు 68 ఏళ్లు. పిల్లలు దూరంగా ఉన్నారు. పొద్దున స్నానం, దీపం అయ్యాక కాఫీ గ్లాసు పట్టుకుని ఇక్కడి మొక్కలు చూడడం నా అలవాటు. ఈవేళ తెరవగానే కళ్లు తెరుచుకుని నావైపే చూస్తున్న తలకాయలు, నెత్తురు. గుండె గుభేలుమంది. చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది.

ఎవరి తిండి వాళ్లది. మా పక్కింటివాళ్లు పులస తెచ్చుకున్న రోజున కిటికీ వేసుకుంటానే తప్ప ఒక్క మాట అనలేదు ఇన్నేళ్లలో. ఇది అందరం కూర్చునే అరుగు లాంటిది. అరుగు మీదికి వచ్చేటప్పుడు నలుగురినీ చూసుకోవాలి కదా. "దరిద్రం" అన్నది ఫొటోని. మనిషిని కాదు.

మిద్దె లాయరు (విజయవాడ), రాత్రి 10:20

అడ్మిన్ గారు చేసింది పూర్తిగా తప్పు. రాజ్యాంగం 19(1)(ఎ) ప్రకారం భావ ప్రకటన ప్రాథమిక హక్కు. ఎవరో ఒకరికి నచ్చలేదని తీసేస్తూ పోతే రేపు వంకాయ నచ్చనివాళ్లు వంకాయ తీసేయమంటారు. చేపలతో ఎరువు చేయడం నేరం కాదు, ఫొటో అశ్లీలం కాదు. నచ్చనివాళ్లు చూడకుండా ముందుకు జరపాలి. అంతే.

సొరపాదు (నెల్లూరు), రాత్రి 10:34

లాయరు గారూ, ఆ హక్కుకి హద్దులు చెప్పే 19(2) కూడా ఉందండీ, అది చదవడం మర్చిపోయారు. అయినా రెండు కుండీలు, నాలుగు టమాటాల దగ్గరికి రాజ్యాంగం ఎందుకు?

నా మాట వేరు. నేను చేపలు తింటాను, వారానికి రెండుసార్లు. చేపల పులుసు విషయంలో మా ఊరివాళ్లతో పెట్టుకోవద్దని అందరికీ తెలిసిందే. అయినా ఆ మొదటి ఫొటో నాకూ ఇబ్బందిగానే అనిపించింది. వండిన చేప వేరు, పేగులు వేరు. మా పాప నా భుజం మీంచి చూసి "అమ్మా, అవి బతికే ఉన్నాయా" అంది. కాబట్టి దీన్ని తినేవాళ్లు, తిననివాళ్లు అని రెండుగా చీల్చొద్దు.

పోయిన వానాకాలం కుండీ వెనకాల చేరిన పాము ఫొటో ఒకాయన పెట్టాడు, గుర్తుందా? పాములంటే వణికిపోయే ఒక చెల్లెలు "ముందు ఒక మాట చెప్పి పెట్టండన్నా" అంది. అప్పటి నుంచి అందరూ మొదటి వరుసలో "పాము ఉంది" అని రాసి, ఫొటో కింద కామెంట్లో పెడుతున్నారు. ఆ రోజు ఎవరూ ఎవరినీ ఛీ అనలేదు. పని జరిగిపోయింది.

కాకినాడ కెరటం, రాత్రి 10:41

సొరపాదు గారూ, అలా ఎవరైనా అడిగుంటే నేను అప్పుడే మార్చేదాన్ని. అడగలేదు, చీదరించుకున్నారు.

తులసికోట గారూ, మీరు ఫొటోనే అన్నారేమో. నేను బడికి పోయే రోజుల్లో మా బెంచీలో ఇంకో పిల్ల కూర్చునేది కాదు, నా బట్టల్లో నీచు వాసన వస్తుందని. ఆ పిల్ల కూడా వాసననే అంది, నన్నేమీ అనలేదు.

మిద్దె లాయరు, రాత్రి 10:47

అదీ సంగతి. అసలు విషయం బయటికి వచ్చింది.

పాత గోనె (అనంతపురం), రాత్రి 10:52

దయచేసి మొక్కల దగ్గరికి కులాన్ని తేవద్దు. ఇన్నాళ్లూ ఆ గోల లేకుండా హాయిగా ఉన్నాం.

కాకినాడ కెరటం, రాత్రి 10:55

నేను తేలేదండీ. ఆ పేరు నా నోట రాలేదు, మీ నోట వచ్చింది. హాయిగా ఉన్నది ఎవరో కూడా ఒకసారి చూసుకోండి.

గోల్కొండ గుమ్మడి (హైదరాబాద్), రాత్రి 11:10

నేను ఇక్కడ నాలుగేళ్లుగా ఉన్నా. ఎక్కువ రాయను. ఈ ఒక్కటీ రాస్తాను.

మా ఇంట్లో బక్రీద్ అయ్యాక ఎముకలు ఎండబెట్టి, కాల్చి, దంచి మొక్కలకే వేస్తాం. మా నానీ నేర్పిన పద్ధతి. మా దానిమ్మ కాయలు మీరంతా మెచ్చుకున్నారు, రెండుసార్లు "మీ రహస్యం ఏంటి" అని కూడా అడిగారు. "ఇంట్లో చేసుకున్న ఎరువు" అని రాసి ఊరుకున్నాను. అది రాయకూడదని, ఫొటో పెట్టకూడదని నాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పక్కర్లేదు కూడా.

పొద్దున ప్రతిరోజూ దేవుళ్ల బొమ్మలతో శుభోదయాలు ముప్పై వస్తాయి. మొక్కల గ్రూపులో ఇవెందుకని నేనెప్పుడూ అడగలేదు. అవి చూస్తే నాకు కోపం రాదు, నిజంగా రాదు. కొన్ని పూల అలంకరణలు చాలా బాగుంటాయి. సర్దుకోవడం అనే మాట వస్తే మాత్రం, ఎవరు ఎంత సర్దుకుంటున్నారో పైకి కనిపించదు.

కెరటం బహెన్, మీ డబ్బా ఫొటో బాగుంది.

న్యూజెర్సీ నిమ్మ, సోమవారం ఉదయం 6:15

ఇక్కడ దుకాణంలో ఇదే సరుకు సీసాలో దొరుకుతుంది. ముందు చిన్న చేప బొమ్మ, వెనకాల పోషకాల అంకెలు. ఎవరూ ఉలిక్కిపడరు. పక్క అరలో ఎముకల పొడి, దాని పక్కన ఎండిన నెత్తురు పొడి, శుభ్రంగా అట్టపెట్టెల్లో. మా గుడికి వచ్చే శాకాహారులు అవన్నీ కొని టమాటాలకి వేస్తారు. ఒకాయనకి ఆ నెత్తురు పొడి అంటే ఏంటో నేనే చెప్పాల్సి వచ్చింది. పాపం, పెట్టె కిందపెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

నా అనుభవం ఒకటి. కరివేపాకు కుండీలో ఎముకల పొడి కలిపి రాత్రి బయట వదిలేశాను. తెల్లారేసరికి ఏదో జంతువు వచ్చి మొక్కని పీకి అవతల పడేసింది. చలికాలం అంతా ఇంట్లో దీపం కింద పెట్టి కాపాడుకున్న మొక్క. విషయం తప్పుతున్నానేమో. కెరటం గారూ, మీ డబ్బాని పిల్లులకి దూరంగా ఉంచండి.

గులాబీ రాజు (కడియం), సోమవారం ఉదయం 7:50

ఈ మాట చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించా. నర్సరీ పనిలో ఉన్నవాణ్ణి, తెలిసి చెప్పకపోతే బాగుండదు.

తులసికోట గారూ, మీ గులాబీలు ఇక్కడ అందరికీ ఇష్టం. మీరు పోయిన సంక్రాంతికి మా వైపు నుంచే మట్టి మిశ్రమం తీసుకెళ్లారని రాశారు. గులాబీ మిశ్రమం అంటే మా దగ్గర చాలామంది ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి, ఎముకల పొడి కలుపుతారు. వేరు పట్టడానికి భాస్వరం, కాల్షియం దాంట్లో ఉంటాయి. నెమ్మదిగా అందుతుంది, మొక్కని మాడ్చదు. మీరు కొన్న దుకాణం ఏది కలిపిందో నేను చెప్పలేను. బస్తా మీద రాసి ఉందేమో చూడండి.

మిమ్మల్ని నొప్పించడానికి కాదండీ. తిట్టుకోకండి.

డ్రమ్ముల మామ, సోమవారం ఉదయం 8:02

రాజూ, నువ్వు గులాబీ అమ్ముకో, బాంబులు కాదు.

అడ్మిన్, సోమవారం ఉదయం 9:30

ఆలస్యానికి క్షమించాలి. నిన్న జరిగింది జరిగినట్టు చెప్తాను. ఫొటో మీద ఫిర్యాదులు వరసగా వచ్చాయి. నేను ఆ సమయంలో ఎక్కడున్నానో చెప్తే నవ్వుతారు. చేపల క్యూలో ఉన్నా. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో ఫోను. ఫొటో సరిగ్గా చూడకుండానే తీసేశాను. కింది కామెంట్లు చదవలేదు. కెరటం గారికి ఒక మెసేజ్ అయినా పెట్టాల్సింది. తప్పు నాదే.

రాత్రి మిగతా ఇద్దరు అడ్మిన్లతో మాట్లాడాను. ఒకాయన "జంతువులకి సంబంధించిన ఎరువులకి వేరే విభాగం పెట్టేద్దాం, చూడాలనుకున్నవాళ్లే వెళ్తారు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పేడ, గోమూత్రం, కోడి ఎరువు, గుడ్డు పెంకులు, వానపాములు ఇవన్నీ అటు పంపాలంటే ఇటు మిగిలేది కొబ్బరి పొట్టు ఒక్కటే. పైగా అది ఎరువుని వేరు చేయడం కాదు, మనుషుల్ని వేరు చేయడం అవుతుంది.

కాబట్టి పాము పద్ధతే పెడుతున్నాం. చేప ద్రవం, గుడ్డు ద్రవం, ఎముకల పొడి, ఏదైనా రాయొచ్చు, ఫొటోలూ పెట్టొచ్చు. మొదటి వరుసలో ఒక మాట, మొదటి ఫొటోగా డబ్బాదో మొక్కదో. నెత్తురు, పేగులు ఉన్నవి కింద కామెంట్లో. చచ్చిన ఎలుకలకీ, పందికొక్కులకీ ఇదే. కెరటం గారి పోస్టు మళ్లీ పెడుతున్నా, ఫొటోల వరస మాత్రం మార్చి.

ఛీ, యాక్, దరిద్రం లాంటి మాటలు, వాంతి బొమ్మలు కూడా ఇక ఉండవు. నిన్నటివి తీసేశాను. శుభోదయం బొమ్మల సంగతి వారం చివర మాట్లాడదాం, అది ఇంతకంటే పెద్ద తలనొప్పి.

మిద్దె లాయరు, సోమవారం ఉదయం 9:48

అంటే ఫొటో పెట్టేవాడికీ నియమం, తిట్టేవాడికీ నియమం. మొత్తానికి స్వేచ్ఛ ఎవరికీ లేదు. బాగుంది.

సొరపాదు, సోమవారం ఉదయం 9:55

మీరు పోయిన నెల మీ మామిడి కాయ మీద మీ పార్టీ గుర్తు గీసి ఫొటో పెట్టారు, తీసేస్తే మూడు రోజులు అలిగారు. అందుకే మీకు ఈ బాధ.

మిద్దె లాయరు, సోమవారం ఉదయం 9:57

అది కళ.

తులసికోట, సోమవారం మధ్యాహ్నం 3:20

బస్తా చూశాను. ఎముకల పొడి అని రాసి ఉంది, చిన్న అక్షరాలతో. కళ్లద్దాలు పెట్టుకుని చదవాల్సి వచ్చింది. ఆర్నెల్లుగా ఆ మట్టిని ఈ చేతులతోనే తిరగేశాను. ఆ పూలే రోజూ దేవుడికి పెట్టాను. మా వారితో చెప్తే ఆయన "దేవుడికి తెలియదా ఏంటి, నీకే తెలియలేదు" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

కెరటం, నిన్ను అమ్మాయీ అని పిలవొచ్చో లేదో తెలియదు. బెంచీ సంగతి చదివాక నిద్ర పట్టలేదు. నేను టీచరుగా చేశాను, 31 ఏళ్లు. నా క్లాసులో కూడా అలాంటి బెంచీ ఒకటి ఉండి ఉంటుంది. నేను ఆ పిల్లని లేపి వేరే చోట కూర్చోబెట్టానేమో కూడా, గొడవ ఎందుకని. ఎంత ఆలోచించినా ఆ పిల్ల ముఖం గుర్తు రావడం లేదు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఫొటో మాత్రం నాకు ఇప్పటికీ చూడబుద్ధి కాదు, ఆ ఒక్కటీ మార్చుకోలేను.

కాకినాడ కెరటం, సోమవారం సాయంత్రం 6:02

మార్చుకోవద్దండీ. చూడొద్దు. నేనూ మొదటి ఫొటోగా దాన్ని పెట్టకుండా ఉండాల్సింది. పొద్దున ఆ సరుకు దొరికిన ఆనందంలో ఏది ముందు ఏది వెనక అని చూసుకోలేదు.

అమ్మాయీ అనే పిలవండి.

గులాబీ రాజు, సోమవారం సాయంత్రం 7:15

తులసికోట గారూ, ఎముకల పొడి వద్దనుకుంటే వేరుశనగ చెక్క, ఆముదం పిండి, వేపపిండి ఉన్నాయి. చెక్కని రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, పలచగా చేసి పోయండి. భాస్వరం కోసం రాతి భాస్వరం దొరుకుతుంది, అది నేల నుంచి తవ్వి తీసేది. సప్తధాన్యాంకుర కషాయం కూడా ప్రయత్నించండి, ఏడు రకాల గింజలు మొలకెత్తించి రుబ్బి చేసేది. చెక్క నీళ్ల వాసన మాత్రం ఘోరంగా ఉంటుంది, ముందే చెప్తున్నా. చేప డబ్బాకి తీసిపోదు.

కాకినాడ కెరటం, నాలుగు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 8:30

(చేప ద్రవం గురించి. మొదటి ఫొటో సీసాది, ధైర్యంగా చూడొచ్చు.)

డబ్బా తెరిచాను. ముల్లు తప్ప అంతా కరిగి తేనె రంగులోకి వచ్చింది. నీచు వాసన లేదు, బాగా మగ్గిన పండు వాసన. మామ చెప్పినట్టు మూడో రోజున పావు కిలో బెల్లం వేశాను, అదే కాపాడింది. వడకడితే లీటరున్నర పైన వచ్చింది. మిగిలిన ముళ్లు జామ మొదట్లో లోతుగా పాతాను. కూకట్‌పల్లి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చిన్న సీసాలు తెచ్చుకోండి, ఊరికే ఇస్తా.

గోల్కొండ గుమ్మడి, ఉదయం 8:41

నాకో సీసా. బదులుగా దానిమ్మ అంటు తెస్తాను. ఎముకల పొడి ఎలా కాల్చి దంచుతామో ఈ వారం రాస్తాను, ఫొటోలు కామెంట్లో.

కొత్తమొక్క, ఉదయం 8:50

పిండినల్లి పోయింది! మామకి దండాలు. ఇప్పుడు మందారానికి ఈ చేప ద్రవం ఎంత వెయ్యాలి? ఇక్కడ అడగొచ్చా?

కాకినాడ కెరటం, ఉదయం 8:58

ఇక్కడే అడగాలి. ఆకుల మీద కొట్టడానికి లీటరు నీళ్లకి 2 మి.లీ. చాలు, మొదట్లో పోయడానికి 5. సాయంత్రం పూట, పదిహేను రోజులకి ఒకసారి. ఆశపడి ఎక్కువ పోయొద్దు, ఆకు మాడుతుంది.

తులసికోట, ఉదయం 9:40

సీసా ఫొటో చూశాను అమ్మాయీ. కాఫీ తాగుతూనే చూశాను. చెక్క నీళ్ల వాసనకి మా వారు మేడ మీదికి రావడం మానేశారు. గులాబీలు మాత్రం మొగ్గ తొడిగాయి.

మీ అమ్మగారి కరివేపాకు చెట్టు సంగతే ఆలోచిస్తున్నాను. మీ వీధిలో ఉండి ఉంటే ఆ ఆకు నేను కోసుకునేదాన్నా అని. ఇంకా తేల్చుకోలేదు.

కాకినాడ కెరటం, ఉదయం 9:46

ఆ చెట్టు ఇంకా ఉందండీ. పోయిన నెలే అమ్మ కొమ్మలు కొట్టించింది, మళ్లీ చిగురేసింది.